యూఎఫ్‌ఓల వెంట తిరిగే ఔత్సాహిక సంఘాలు చేసేది సైన్సేనా?

చుక్కలపిచ్చి:
2022 డిసెంబర్ గుర్తుందా? హైదరాబాద్ మీద తెల్లగా గుండ్రంగా ఏదో కనపడేసరికి వాట్సాప్ గ్రూపులు ఊగిపోయాయి. తీరా చూస్తే ఈసీఐఎల్ దగ్గరున్న కేంద్రం నుంచి టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్లు వదిలిన పరిశోధన బెలూన్. అన్నీ ఇంత తేలిగ్గా తేలవు. తేలని వాటి (యూఎఫ్‌ఓలు, అంటే ఏమిటో గుర్తు తెలియని ఎగిరే వస్తువులు) కోసం బ్రిటన్‌లో, నార్వేలో సంఘాలు పెట్టుకుని, సొంత డబ్బుతో రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లున్నారు. నా ఉద్దేశంలో అది సైన్సే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కలమాస్టారు:
కాదనేవాణ్ణి నేనే. వార్మిన్‌స్టర్ సంగతి వినండి. ఇంగ్లండ్‌లో ఎగిరే పళ్లాలకు పేరుపడ్డ ఊరు. 1970 మార్చి 28 రాత్రి అక్కడి క్రేడిల్ హిల్ మీద ఔత్సాహికులు ఆకాశం చూస్తున్నారు. ఎదురు కొండ మీంచి ఊదారంగు స్పాట్‌లైట్ వెలిగింది. సరిగ్గా అప్పుడే గుంపులో ఒకాయన దగ్గరున్న ‘అయస్కాంత క్షేత్రం కొలిచే యంత్రం’ మోగింది. అదీ ఉత్తుత్తిదే. ఇంకొకాయన ఫొటోలు తీశాడు. ఆ ఫిల్ములో దొంగబొమ్మ ముందే ఎక్కించి ఉంది! ఇదంతా డేవిడ్ సింప్సన్ అనే భౌతికశాస్త్రవేత్త బృందం పన్నిన పరీక్ష. ఫొటోలో బొమ్మకూ, జనం చూసిన ఊదా వెలుగుకూ పోలికే లేదు. అయినా ఫ్లయింగ్ సాసర్ రివ్యూ పత్రిక తాలూకు నిపుణులు అవి అసలైనవేనన్నారు. గుట్టు రెండేళ్లకు పైగా బయటపడలేదు. ఇదండీ మీ సైన్సు.

రేయిపక్షి:
మాస్టారూ, ఒక్క కొండ చూసి అన్ని కొండలూ అంతే అంటే ఎలా? నార్వేలో హెస్‌డాలెన్ లోయ ఉంది. 1981 చివర్నుంచి అక్కడ వింత వెలుగులు. 1984 జనవరి, ఫిబ్రవరిల్లో ఔత్సాహికులే కెమెరాలు, రాడార్, భూమి కదలికలు కొలిచే సీస్మోగ్రాఫ్ మోసుకెళ్లి ఆ మంచులో నెల పైన కూర్చున్నారు. మిణుకుతున్న వెలుగు మీదికి తొమ్మిదిసార్లు లేజర్ వేస్తే ఎనిమిదిసార్లు మిణుకు తీరు మారిందని రాసుకున్నారు. 1998లో ఒక కళాశాల అక్కడ ఆటోమేటిక్ స్టేషనే పెట్టింది. ముందు వెళ్లింది మాత్రం వీళ్లు.

లెక్కలమాస్టారు:
వెళ్లినందుకు దండం పెడతాను. కానీ లేజర్ వేయనప్పుడు మిణుకు తనంతట తాను ఎన్నిసార్లు మారింది? ఆ లెక్క పక్కన లేకపోతే ఎనిమిదికి విలువేముంది? నా తొమ్మిదో తరగతి పిల్లలైనా అడుగుతారు.

పరిగిపోరడు:
నాకు రాడార్లు తెల్వయి సార్. ఆ బెలూన్ మా వికారాబాద్ జిల్లాలనే దిగింది. పక్కూరోళ్లు ఫోన్ చేసి ‘రాకెట్ పడ్డదంట’ అన్నరు. ఒకడు ఏలియన్ ఉన్నడన్నడు. వాడు ఊరే దాటలే.

చుక్కలపిచ్చి:
మాస్టారూ, ఒక మాట దాటేశారు. వార్మిన్‌స్టర్ పరీక్ష చేసిన సింప్సన్ బృందం కూడా యూఎఫ్‌ఓల పరిశోధనకు పెట్టుకున్న ఔత్సాహిక సంఘమే. ఏ విశ్వవిద్యాలయమూ పంపలేదు. సాక్షుల్ని కాదు, పరిశోధకుల్నే పరీక్షించాలన్న ఆలోచన వాళ్లకే వచ్చింది. మరి అది సైన్సు కాదా?

లెక్కలమాస్టారు:
అది సైన్సే. ఒప్పుకుంటున్నాను. అలాంటి సంఘాలెన్నో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పండి. సరే గానీ, మీదీ ఖగోళ క్లబ్బే కదా. ఎవరైనా ఫోన్ చేసి ‘ఏదో చూశాం’ అంటే మీరు నింపించే ఫారంలో మొదటి ప్రశ్న ఏమిటి?

చుక్కలపిచ్చి:
ఇప్పుడే తీసి చూశాను. ‘వస్తువు ఆకారం ఎలా ఉంది?’ అని ఉంది.

లెక్కలమాస్టారు:
అది వస్తువని మీకు ముందే ఎవరు చెప్పారు?

రేయిపక్షి:
😀 దెబ్బ తగిలింది.

చుక్కలపిచ్చి:
తగిలింది. పోయిన నెల ఒకావిడ ‘లైట్ల గొలుసు’ అని నింపితే, ఆకారం గడిలో ‘పాములాగ’ అని ఉంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలని తేల్చడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే టైమూ దిక్కూ అడిగే గడులు రెండో పేజీలో ఉన్నాయి, ఆవిడ అక్కడిదాకా రాలేదు. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ల ఎత్తున కనపడిందో మొదటి పేజీలోనే అడగాలి. ఆదివారం మీటింగులో పెడతాను. మాస్టారూ, మీరూ రండి.