బయటి డెవలపర్లు రాకపోతే తప్పు పెట్టెదా, పెట్టె కొన్నవాడిదా?

అమలాపురం కుర్రాడు:
అందరికీ నమస్తే అండి. కొబ్బరి డబ్బులు చేతికొచ్చాయి, నాన్నని ఎలాగోలా ఒప్పించాను. సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ చిన్న గేము పెట్టె) ఒకటి చూశాను. మా ఫ్రెండు మాత్రం "అది చిన్న పెట్టెరా, మెమరీ చాలదు, ముందు ముందు పెద్ద గేములు దానికి రావు" అని ఒకటే గోల. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే గేము సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 5కి సెప్టెంబరులో వస్తే ఎక్స్‌బాక్స్‌కి డిసెంబరు దాకా రాలేదు, దానికి కారణం ఈ పెట్టే అంటాడు. నిజమేనా? పెట్టె బాగోకపోతే థర్డ్ పార్టీ వాళ్ళు, అంటే బయటి గేము కంపెనీలు, దానికి గేములు చేయడం మానేస్తారా?

పాలకొల్లు పోర్టర్:
నిజమే తమ్ముడూ. హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగమే ఇది, ఒక పెట్టెకి చేసిన గేముని ఇంకో పెట్టెలోకి దూర్చడం. ఎస్‌కి అన్న లాంటి పెద్ద పెట్టె సిరీస్ ఎక్స్‌లో 16 జీబీ మెమరీ, ఎస్‌లో 10. ఆ పదిలోనూ 8 మాత్రమే వేగం, మిగతా 2 నత్తనడక. నువ్వన్న గేములో ఇద్దరు ఒకే టీవీ మీద తెర పంచుకుని ఆడొచ్చు. ఒకడు ఊళ్ళోనే ఉంటాడు, రెండోవాడు అడివిలోకి పోతాడు. అప్పుడు ఊరూ అడివీ రెండూ ఒకేసారి మెమరీలో ఉండాలి. ఎస్‌లో అది కుదర్లేదు. రెండు పెట్టెల్లోనూ ఒకే సదుపాయాలుండాలని మైక్రోసాఫ్ట్ పట్టు, దాంతో ఎక్స్ కొన్నవాళ్ళు కూడా ఎదురుచూశారు. చివరికి ఎస్‌లో ఆ సదుపాయం తీసేసి వదిలారు.

భీమవరం బాబాయ్:
తీసేసి వదిలారు. ఎంత తేలిగ్గా అన్నావయ్యా.
సరే, అసలు మాటకొస్తాను. పెట్టెని చూసి ఎవడూ రాడు, పోడు. గిరాకీని చూసి వస్తాడు. ప్లేస్టేషన్ 2 లోపల ఎన్ని మెలికలో నీకు తెలీదా? లెక్కలు కట్టడానికి విడిగా రెండు వెక్టర్ యూనిట్లు, గ్రాఫిక్స్ చిప్పుకి 4 ఎంబీ మెమరీ. డెవలపర్లు తలలు పట్టుకున్నారు, అయినా క్యూ కట్టారు. 15 కోట్లకు పైగా అమ్ముడైన పెట్టె మరి. సెగా వాళ్ళ డ్రీమ్‌కాస్ట్ చూడు, పని చేసుకోడానికి సుఖమైన పెట్టె. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) లాంటి పెద్ద గేము కంపెనీ దానికి ఒక్క గేమూ ఇవ్వలేదు. 2001లో తయారీ ఆపేశారు.

గట్టు మీద రాజు:
బాబాయ్ మొదలెట్టాడు. టీ చెప్పండెహె.

పాలకొల్లు పోర్టర్:
గిరాకీయే అన్నీ అయితే నింటెండో వాళ్ళ వీ పెట్టె మాటేంటండీ బాబాయ్ గారూ? అది 10 కోట్లు దాటింది. 2008లో జీటీఏ 4 అంత పెద్ద గేము దానికి వచ్చిందా? అంత సరుకు దానికి ఎక్కదు. నింటెండో 64 కథా అంతే. సీడీలో 650 ఎంబీ పడుతుంటే వాళ్ళు క్యాట్రిడ్జ్ (గేము చిప్పు ఉండే డబ్బా) పట్టుకు వేలాడారు, అందులో మహా అయితే 64. పైగా తయారీ ఖర్చెక్కువ. స్క్వేర్ వాళ్ళు ఫైనల్ ఫాంటసీ 7ని మూడు సీడీల్లో సర్దుకుని 1997లో ప్లేస్టేషన్‌కి పట్టుకుపోయారు.

కాకినాడ కాజా:
చిన్న సవరణండి. ఆ మూడు సీడీల్లో ఎక్కువ చోటు వీడియోలదే. అసలు గేము మూడింటిలోనూ దాదాపు అదే ఉంటుంది.

పాలకొల్లు పోర్టర్:
వీడియోలు కూడా గేమే కదండీ.

కాకినాడ కాజా:
కాదండి. వీడియో వీడియోయే. ఇంకోటి, రెసిడెంట్ ఈవిల్ 2 రెండు సీడీల గేము. 1999లో దాన్ని 64 ఎంబీ క్యాట్రిడ్జ్‌లోకి తెచ్చారు. వీడియోలతో సహా.

గట్టు మీద రాజు:
వీడియో గేము కాదంటారు, మళ్ళీ "వీడియోలతో సహా" అంటారు. ఏదో ఒకటి తేల్చండి కాజా గారూ.

భీమవరం బాబాయ్:
కాజా మంచి మాటన్నాడు. దూర్చాలనుకుంటే దూరుతుంది! విచర్ 3 గేముని 2019లో నింటెండో స్విచ్‌కి తెచ్చారు. 4 జీబీ మెమరీ ఉన్న పెట్టె, 32 జీబీ కార్డు. ఇంకో మాట, పెట్టె చిన్నదైతే ఖర్చూ తక్కువే. ప్లేస్టేషన్ 3కి చేయాలంటే తడిసి మోపెడవుతుందనే కదా క్యాప్‌కామ్ వాళ్ళు మాన్‌స్టర్ హంటర్ 3 గేముని వీకి మార్చింది?

పాలకొల్లు పోర్టర్:
ప్లేస్టేషన్ 3 పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తాను. అందులో సెల్ ప్రాసెసర్. ఒక ముఖ్యమైన కోరు, దాని చుట్టూ ఎస్‌పీయూలు అనే చిన్న సహాయక కోర్లు, వాటిలో గేముకి దక్కేవి 6. ఒక్కో ఎస్‌పీయూకి సొంతంగా 256 కేబీ చోటు, పనిని ముక్కలు ముక్కలు చేసి దానికి వడ్డించాలి. మెమరీ 256 ఎంబీ, 256 ఎంబీగా చీలిపోయి ఉంటుంది. ఎక్స్‌బాక్స్ 360లో 512 ఎంబీ ఒకే కుప్ప. ఆరెంజ్ బాక్స్ అనే గేముల కట్టని వాల్వ్ కంపెనీ వాళ్ళు ప్లేస్టేషన్ 3కి తాము చేయలేదు, ఈఏ వాళ్ళు చేసిపెట్టారు. ఇదంతా చూశాకే 2013లో ప్లేస్టేషన్ 4ని పీసీ లాంటి చిప్పుతో, 8 జీబీ ఒకే కుప్పగా తయారుచేశారు. పెట్టె లెక్క కాకపోతే సోనీ ఎందుకు మారినట్టు?
"దూరుతుంది" అంటున్నారు. దూరుతుందండీ. దూర్చినవాడి నడుం సంగతి అడగండి. పోయిన ప్రాజెక్టులో (కంపెనీ పేరు వద్దు) ఒక బజారు సీను మెమరీలో 300 ఎంబీ ఎక్కువైంది. 2048 పిక్సెళ్ళలో ఉన్న టెక్స్చర్లన్నీ (గోడలకీ బోర్డులకీ అంటించే బొమ్మలు) 512కి దించాను. కొట్ల మీద బోర్డులు అలికేసినట్టయ్యాయి, చదవడానికి రావట్లేదని టెస్టింగు వాళ్ళు వెనక్కి పంపారు. బోర్డులొక్కటీ 1024కి పెంచాను, మళ్ళీ 40 ఎంబీ ఎక్కువ. సంక్రాంతికి ఇంటికి రాలేదు. అమ్మ అరిసెలు కొరియర్లో పంపింది.

భీమవరం బాబాయ్:
ఏసీ గదిలో కూర్చుని బోర్డులు చదివినందుకు అంత బాధా?

పాలకొల్లు పోర్టర్:
గేము పార్లర్లో గంటకింతని వసూలు చేసుకుంటూ మెషీన్ల గురించి చెప్పడం తేలికేనండి.

మోడరేటర్:
ఇద్దరూ కాస్త నెమ్మది. వ్యక్తిగతాలొద్దు.

భీమవరం బాబాయ్:
వ్యక్తిగతమే, ఉండవయ్యా మోడరేటరూ. ఆ పార్లర్ ఇప్పుడు లేదు.
అప్పు చేసి రెండు పెట్టెలు కొన్నాను. ఏ పెట్టెలో చెప్పను, చెబితే దాని భక్తులు దిగిపోతారు. చవగ్గా వస్తున్నాయని కొన్నాను. రెండేళ్ళు బాగా నడిచింది. కాలేజీ కుర్రోళ్ళు ఒక్కో సోఫాకి ఇద్దరేసి కూర్చుని కార్ల ఆట ఆడేవారు. ఓడినోడు ఇంకో గంటకి డబ్బులిచ్చేవాడు, నా లాభమంతా ఆ పంతంలోనే ఉండేది. తర్వాత కొత్త భాగం వచ్చింది. ఎదురు సందులో షాపు వాడి పెట్టెలో ఇద్దరు ఆడుతున్నారు, నా పెట్టెలో ఒక్కడే. రెండో ప్యాడు పట్టుకుని "అంకుల్, నాది కనెక్ట్ అవట్లేదు" అని అడిగాడొకడు. ఏం చెప్పను? వాణ్ణి తీసేశార్రా అని చెప్పనా?
తెర పంచుకునేది ఎవడు? ఇంటికో టీవీ, ఇద్దరు పిల్లలకి ఒక పెట్టె ఉన్నవాడు. కొత్తలో ఎస్ 34,990, ఎక్స్ 49,990. ఆ 15 వేలు పెట్టలేనివాడే ఎస్ కొన్నాడు. మీరు తీసేసింది సరిగ్గా వాడికి కావలసిందే.

పాలకొల్లు పోర్టర్:
ఇది మొదటే చెప్పుంటే ఇంత రాసేవాణ్ణి కాదు.
ఒప్పుకుంటాను, వాడికే దెబ్బ. కానీ తీసేద్దామని నిర్ణయించేది నా లాంటోడు కాదండీ. చిన్న పెట్టె అమ్మి లాభపడేది పెట్టె కంపెనీ, దానికి సరిపడా గేము కోసే పని మాది. కాలవ చివరున్న మన శివారు పొలాల సంగతే ఇది. తూము దగ్గర నీళ్ళు తగ్గిస్తారు, శివారు రైతు వచ్చి తూము తలుపులు చూసుకునే లస్కరు మీద కేకలేస్తాడు.

భీమవరం బాబాయ్:
లస్కరు కూడా అప్పుడప్పుడూ తలుపు ఎత్తకుండా పడుకుంటాడులే. అయినా శివార్లో పొలం కొన్నావు, అనుభవించు అంటే ఎలా?

పాలకొల్లు పోర్టర్:
అనలేదండీ. శివారుకీ తూముకీ ఒకే నీరు ఇచ్చి తీరాలని రూలు పెట్టి, నీళ్ళు మాత్రం మీరే తెచ్చుకోండంటే కుదరదంటున్నాను.

కాకినాడ కాజా:
చిన్న సవరణండి. బాల్డర్స్ గేట్ 3కి 2025 ఏప్రిల్‌లో 8వ ప్యాచ్ వచ్చింది. సిరీస్ ఎస్‌కి కూడా స్ప్లిట్ స్క్రీన్, అదే ఆ తెర పంచుకునే సదుపాయం, ఇచ్చేశారు.

గట్టు మీద రాజు:
ఈ ముక్క మొదట్లో చెప్పొచ్చు కదా మహానుభావా!

కాకినాడ కాజా:
ఎవరూ అడగలేదండి.

పాలకొల్లు పోర్టర్:
డిసెంబరు 2023 నుంచి ఏప్రిల్ 2025. పదహారు నెలలు. ఎవరు చేశారో గానీ వాళ్ళకో దండం.

భీమవరం బాబాయ్:
నా సోఫాలు అమ్మేసి చాలా కాలమైంది. అమలాపురం అబ్బాయ్, కొంటే రెండో ప్యాడు కూడా కొనుక్కో.

అమలాపురం కుర్రాడు:
ప్యాడుకి మా తమ్ముడు డబ్బులు దాస్తున్నాడు బాబాయ్. కొన్నాక ముందు వాడే ఆడతాడంట.