సిమెంటు వేయించినా ఉరుస్తున్న మట్టిమిద్దె: పడగొట్టాలా?

ప్రశ్న (తాడిపత్రి నుంచి):
నాపరాతి గోడలు, వేప దంతెలు (కప్పు మోసే అడ్డ కర్రలు), వాటి మీద బండపరుపు, పైన చౌడు (నీళ్లు దిగనివ్వని చవిటి మన్ను). ఉరుస్తోందని రెండంగుళాల కాంక్రీటు వేయించాం. రెండో వానాకాలానికే మళ్లీ మొదలైంది. పిల్లలేమో స్లాబు వేసి, ముందువైపు అద్దాలు పెట్టిద్దామంటున్నారు. మిద్దె నిలబెట్టుకునే దారి ఉందా?

జవాబు 1:
ఉందండి. ముందు ఆ కాంక్రీటు తీయించండి. ఎండకు, వానకు దంతెలు కదులుతాయి, కాంక్రీటు వాటితో పాటు వంగలేదు, సన్న పగుళ్లిస్తుంది. దిగిన నీళ్లకు పైకి ఆరే దారి ఉండదు. గోడలో దాగిన దంతె కొనలే ముందు కుళ్లుతాయి. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడవండి. అంగుళం దిగితే ఆ దంతె మార్చాల్సిందే. బరువూ చూడండి: నూరు చదరపు అడుగులకు రెండంగుళాల కాంక్రీటు 1,100 కిలోలు దాటుతుంది. అందుకే కింద గుంజలు పోటు పెట్టాకే పైన ఉలి పెట్టాలి. బ్రేకరు మిషను వద్దు, బండలు చిట్లుతాయి.

తర్వాత బండల మీద నాలుగంగుళాల మట్టి తడిపి దిమ్మిసతో కొట్టి, బాగా ఆరాక రెండంగుళాల చౌడు. తూము వైపు పదడుగులకు రెండు మూడంగుళాల వాలు చాలు, ఎక్కువైతే చౌడు కొట్టుకుపోతుంది.

జవాబు 2:
చౌడులో సున్నం, సిమెంటు కలపమనేవాళ్లుంటారు. అస్సలు వద్దు. చౌడులోని సోడియం వల్ల బంకమన్ను తడిస్తే విడిపోయి సందులు మూసేస్తుంది, నీళ్లు ఆగేది అందుకే. సున్నం, సిమెంటుల్లోని కాల్షియం తగిలితే ఆ గుణం పోతుంది. చౌడు పొలానికి జిప్సం వేసేది దానికే కదా!

పరీక్ష సులువు. గ్లాసు వాన నీళ్లలో చిన్న మట్టిగడ్డ వేసి కదపకుండా ఉంచండి. మర్నాటికీ పాలలా మురికిగా ఉంటే అదే మంచి చౌడు. బోరు నీళ్లు వాడొద్దు, వాటిలోని ఉప్పులు ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

జవాబు 3:
అద్దాల మాట. పడమటి ఎండకు అద్దం పెడితే గది పొయ్యవుతుంది, ఆపైన ఏసీ కరెంటు. అలాంటి ముఖం ఏ ఊళ్లోనైనా ఒకటే. గోడ నాపరాళ్ల సందులకు గారతో (సున్నపు అడుసుతో) దర్జు పట్టించి వదిలేయండి, తాడిపత్రి ఇల్లని చూడగానే తెలుస్తుంది. కడగడానికి యాసిడ్ మాత్రం వాడొద్దు. నాపరాయి సున్నపురాయే, అలాంటి రాతిలో బెలుం గుహలను తొలిచింది పలచని ఆమ్లపు నీళ్లే. పిల్లలకు పైన గది కావాలంటే దాని స్తంభాలు విడిగా పునాది నుంచి లేపాలి, మిద్దె మీద మోపకూడదు.

ప్రశ్న అడిగినవారు:
తెల్లగా పేరిన చోట తెచ్చిన మట్టి మర్నాటికి తేటపడింది.

జవాబు 2:
పైన తెల్లగా కనిపించేది ఉప్పు. ఉప్పు మరీ ఎక్కువైతే బంకమన్ను విడిపోదు, అడుక్కి దిగిపోతుంది. వాన వెలిశాక నీళ్లు ఇంకకుండా బురదగా రోజుల తరబడి నిలిచే చోటు చూసి, జానెడు లోతున మట్టి తీసి మళ్లీ గ్లాసులో వేసి చూడండి.