రిక్రూటర్ పనితీరు దేనితో కొలవాలి? కాల్స్‌తోనా, జాయినింగ్స్‌తోనా?

ప్రశ్న (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. ఏడు రోడ్ల కూడలి దగ్గర చిన్న జాబ్ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. నాతో కలిపి ఐదుగురం. ఎక్కువగా పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలకు బీఎస్సీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ పిల్లల్ని, ఐటీఐ ఫిట్టర్లని పంపిస్తాం. అచ్యుతాపురం పోస్టులు కూడా కొన్ని చూస్తాం.

రోజుకు 80 కాల్స్, 6 రెజ్యూమేలు అని టార్గెట్ పెట్టాను. ఒకమ్మాయి నెలకు 1,900 కాల్స్ చేసి 160 రెజ్యూమేలు పంపింది. ఇంకో అమ్మాయి 800 కాల్స్, 48 రెజ్యూమేలు దాటలేదు. మొన్న మీటింగులో అందరి ముందూ ఈమెను గట్టిగా అన్నాను. అప్పుడేమీ మాట్లాడలేదు. సాయంత్రం వచ్చి, నెలాఖరుకు మానేస్తానండి అంది. రాత్రి బిల్లులు ముందేసుకుని చూస్తే, గత నెల చేరిన 14 మందిలో 8 మంది ఆమె పంపినవాళ్లే. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. మీరంతా పనితీరు ఎలా కొలుస్తున్నారు?

జవాబు (రిక్రూటర్, విశాఖలో ఉద్యోగం, సొంతూరు రాజాం)

సర్, నేను ఇలాంటి టార్గెట్ కింద మూడేళ్లు పనిచేశాను. సాయంత్రం ఐదయ్యేసరికి ఇంకా 20 కాల్స్ మిగిలి ఉంటే ఏం చేస్తామో చెప్తాను. రెండు రింగులు ఇచ్చి కట్ చేస్తాం. పాత ఫైల్లోంచి ఆరు నెలల కిందటి రెజ్యూమేలు తీసి, అతను ఇంకా ఉద్యోగం వెతుకుతున్నాడో లేదో అడక్కుండా పంపేస్తాం. అది తప్పని మాకూ తెలుసు. కానీ రాత్రి షీట్‌లో అంకె తక్కువైతే పొద్దున్న మాట పడాలి. ముందు ఆ అమ్మాయితో మాట్లాడండి. అందరి ముందు అన్న మాట కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకోండి.

జవాబు (విజయనగరం, పన్నెండేళ్లుగా ఇదే పని)

మనకు బిల్లు వచ్చేది పిల్లవాడు చేరినప్పుడు. ఆ బిల్లు మనకు నిలిచేది అతను నిలిచినప్పుడు. అందుకని లెక్క ఆ చివర నుంచి మొదలెట్టండి. కాల్స్ చూడొద్దనను. కొత్తగా చేరిన రిక్రూటర్‌కి మొదటి రెండు నెలలు చూడాల్సిందే, ఫోన్లో మాట్లాడే బెరుకు పోవాలి కదా. ఆ తర్వాత కాల్స్‌ని జీతానికి, ఇన్సెంటివ్‌కి ముడిపెట్టకండి.

ఒక్కొక్కరికీ ఈ అంకెలు రాయండి: ఎన్ని రెజ్యూమేలు పంపారు, కంపెనీ ఎంతమందిని పిలిచింది, ఎంతమంది ఇంటర్వ్యూకి వెళ్లారు, ఎంతమంది సెలెక్టయ్యారు, ఎంతమంది చేరారు, 90 రోజుల తర్వాత ఎంతమంది ఉన్నారు. చాలా ఆఫీసుల్లో చివరిది రాయరు. అదే ముఖ్యం. వీలైతే ఆ ఇద్దరి అంకెలు ఇక్కడ పెట్టండి, చూద్దాం.

ప్రశ్న అడిగినవారు

రాత్రి కూర్చుని తీశాను. మొదటి అమ్మాయి: పంపినవి 160, పిలిచింది 40 మందిని, వెళ్లింది 22, సెలెక్ట్ 6, చేరింది 3. రెండో అమ్మాయి: 48, 30, 26, 11, 8. తొంభై రోజుల లెక్క మా దగ్గర లేదు, ఎప్పుడూ రాయలేదు.

జవాబు (విజయనగరం)

థాంక్సండి, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

160 పంపితే కంపెనీ 120 పక్కన పెట్టింది. అంటే క్లయింట్ ఏం అడిగాడో ఆ అమ్మాయికి పూర్తిగా తెలియదు, లేదా తెలిసినా అంకె కోసం పంపింది. క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం మీద చేసినవాళ్లు కావాలంటే ప్రొడక్షన్‌లో చేసినవాళ్లవి వెళ్తుంటాయి. ఆ 120 అవతల హెచ్‌ఆర్ కూడా తెరిచి చూడాలి. రెండు నెలలు ఇలా జరిగితే మన మెయిల్ అంటేనే విసుగొస్తుంది.

రెండోది, పిలిచిన 40 మందిలో 18 మంది ఇంటర్వ్యూకే వెళ్లలేదు. రెండో అమ్మాయి పంపినవాళ్లలో పిలిచిన 30 మందిలో నలుగురే వెళ్లలేదు. నేను మీ చోట ఉంటే ఈ తేడా దగ్గరే ఆగుతాను. ఒక పూట రెండో అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని ఆమె కాల్స్ వినండి. నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి నోట్‌బుక్ ఇప్పటికీ దాచుకున్నాను. పేరు, చదువు పక్కనే ఊరు, బస్సు, ఇంట్లో ఎవరిని అడగాలి అని రాసుకునేది. పాతపట్నం కుర్రాడొకడికి ఫోన్ చేసి, "బాబూ, పొద్దుటి షిఫ్ట్ అంటే ఆరింటికి గేటు దగ్గరుండాలి, మీ ఊరి నుంచి రోజూ రావడం అవ్వదు, రణస్థలంలో రూమ్ తీసుకోగలవా? అద్దె, భోజనం పోగా చేతికి ఎంత మిగులుతుందో ఇప్పుడే లెక్క వేద్దామా?" అని అడిగింది. ఆ ఒక్క కాల్ పదకొండు నిమిషాలు. వాడు ఇంట్లో అడిగి సాయంత్రం చెప్తానన్నాడు, చెప్పాడు, చేరాడు. అలాంటి పిల్ల రోజుకు 80 కాల్స్ ఎలా చేస్తుంది చెప్పండి?

ఇంకో మాట. మొదటి అమ్మాయి మీద ఇప్పుడు కోపం పెట్టుకోకండి. మీరు 160 అడిగారు, ఆమె 160 ఇచ్చింది. పనిదొంగ కాదు. చూపిస్తే ఆమె కూడా నేర్చుకుంటుంది.

మరీ తొందరపడకండి కూడా. ఆరుగురిలో ముగ్గురు, పదకొండులో ఎనిమిది అనేవి చిన్న అంకెలు, ఒక్కరు అటూ ఇటూ అయితే మొత్తం మారిపోతుంది. మూడు నెలలు కలిపి చూశాకే ఇన్సెంటివ్ మార్చండి. పైగా ఎవరికి ఏ పోస్టులు ఇచ్చారో చూడాలి. ట్రైనీ కెమిస్ట్ పోస్టులు 20 ఒకరికిచ్చి, ఐదేళ్ల అనుభవం ఉన్న అనలిస్ట్ పోస్టు ఒకటి ఇంకొకరికిచ్చి జాయినింగ్స్ సమానంగా రాలేదంటే అన్యాయం. నేను పోస్టులను సులువు, కష్టం అని రెండు రకాలు చేసి విడివిడిగా చూస్తాను. ఒకే పోస్టును క్లయింట్ మరో నలుగురు కన్సల్టెంట్లకు కూడా ఇచ్చి ఉంటే అదీ రాసుకుంటాను.

రోజుల లెక్క కూడా పెట్టండి, కానీ పోస్టు వచ్చిన రోజు నుంచి మొదటి మూడు పనికొచ్చే రెజ్యూమేలు వెళ్లేవరకే. ఆ తర్వాత క్లయింట్ పన్నెండు రోజులు పలక్కపోతే, నోటీస్ పీరియడ్ రెండు నెలలుంటే, అది మన పిల్లల తప్పు కాదు. పండగలు కూడా చూసుకోవాలి. సంక్రాంతి ముందు వారం జాయినింగ్ డేట్ ఇస్తే కనుమ దాటాక వస్తానంటారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం మా ఊళ్లో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఒక ఏడాది తెలిసీ ఆ రోజు ఇంటర్వ్యూలు పెట్టించాను. పద్నాలుగు మందిలో ఇద్దరే వెళ్లారు, క్లయింట్ దగ్గర నా మాట పోయింది.

జవాబు (ఫార్మా ప్లాంట్ హెచ్‌ఆర్, పైడిభీమవరం)

అవతలి వైపు నుంచి ఒక మాట. మేం కన్సల్టెన్సీని చూసేది రెండు విషయాల్లోనే. పది పంపితే మేం ఎన్ని పిలవగలిగాం, చేరినవాళ్లు మూడు నెలలకి ఎంతమంది ఉన్నారు. శుక్రవారం చేరి ఆదివారం బట్టలు తెచ్చుకుంటానని వెళ్లి మళ్లీ కనపడని కుర్రాళ్లు చాలామంది. అడిగితే "నైట్ షిఫ్ట్ ఉంటుందని ఎవరూ చెప్పలేదు సర్" అంటారు. అందుకే 'షిఫ్టులు చెప్పాం' అని రెజ్యూమేతో పాటు ఒక లైను రాసి పంపే కన్సల్టెంట్ ఫోన్ నేను ముందు ఎత్తుతాను.

టార్గెట్ ఒత్తిడిలో మీ స్టాఫ్ ఎవరూ అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకోకుండా చూడండి. ఆ ఫిర్యాదు ఒక్కటి వచ్చినా మేం ఆ కన్సల్టెన్సీని ఆపేస్తాం. పాపం, ఆ డబ్బు వాళ్ల నాన్న అప్పు తెచ్చిందై ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

నిన్న అందరినీ కూర్చోబెట్టి, నేను అన్నది తప్పని చెప్పాను. ఆ అమ్మాయి ఉంటానంది. ఎంత తేలికపడ్డానో మాటల్లో చెప్పలేను. ఇన్సెంటివ్ ఎలా ఇవ్వాలి? 90 రోజుల సంగతి ఎవరు కనుక్కోవాలి? ఉద్దానం వైపు నుంచి గల్ఫ్ వెల్డర్, ఫిట్టర్ పోస్టులు చూడమని కూడా అడుగుతున్నారు, అవి కూడా టార్గెట్‌లో కలపనా?

జవాబు (విజయనగరం)

చాలా మంచి పని చేశారు.

గల్ఫ్ పోస్టులు ఇప్పుడు ముట్టుకోకండి. విదేశాలకు పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ఒక్కరిని పంపినా నేరమే.

ఇన్సెంటివ్ రెండు ముక్కలు చేయండి. ట్రైనీ జీతం నెలకు 18,000 అనుకుందాం. కంపెనీ దగ్గర మనం మామూలుగా తీసుకునే 8.33 శాతం ఫీజు అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, సుమారు 18,000 బిల్లు. దాని మీద వేసే 18 శాతం జీఎస్టీ మనది కాదు, లెక్కలో కలపకండి. ఆ 18,000లో రిక్రూటర్‌కి ఎంత ఇవ్వాలనుకున్నారో అందులో సగం క్లయింట్ డబ్బు వేశాక, సగం రీప్లేస్‌మెంట్ గడువు దాటాక ఇవ్వండి. గడువు లోపల పిల్లవాడు మానేస్తే ఇంకొకరిని ఊరికే ఇవ్వాలి కదా, ఆ బాధ్యత రిక్రూటర్‌కి కూడా తెలుస్తుంది. అయితే కంపెనీ తప్పుతో మానేస్తే, అంటే చెప్పిన జీతం ఇవ్వకపోతే, రెండో సగం కోయకండి.

కనుక్కోవడం చేర్చిన అమ్మాయే చేయాలి. చేరిన మూడో రోజు, పదిహేనో రోజు, నలభై ఐదో రోజు ఒక్కో ఫోన్. "రూమ్ కుదిరిందా, జీతం పడిందా" అంటే చాలు. ఈ కాల్స్‌ని కూడా పనిలో లెక్కేయండి. నెలకోసారి క్లయింట్ హెచ్‌ఆర్‌కి పేర్ల లిస్ట్ పంపి, ఉన్నవాళ్లకి టిక్ పెట్టి పంపమనండి. 'మానేశాడు' అనే కాలమ్ పక్కన కారణం రాయడానికి ఇంకో కాలమ్ వదలండి. ముందు గత ఆరు నెలల్లో చేరినవాళ్లకి ఫోన్లు చేయించండి, తొంభై రోజుల మొదటి లెక్క ఈ వారమే మీ చేతికొస్తుంది.