అమ్మను కూర్చోబెట్టి ఫొటో తీస్తే అబద్ధమవుతుందా?

ప్రశ్న: అమ్మ పొద్దున్నే కిటికీ పక్కన బియ్యం ఏరుతుంది. ఆ వెలుగు నాకు ప్రాణం. కెమెరా చూడగానే కొంగు సర్దుకుని బిగుసుకుపోతుంది. మళ్లీ అలాగే కూర్చోమని తీయొచ్చా?

జవాబు: తీయండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫిలిప్-లోర్కా డికోర్సియా 1978లో తన సోదరుడు మారియోను ఫ్రిజ్ తెరిచి చూస్తున్నట్టు పోజు పెట్టించి తీశాడు. ఫ్లాష్ ఫ్రిజ్ లోపలే పెట్టాడు! అయినా ఆ ముఖంలో ఒంటరితనం నిజం.

జవాబు: అమెరికన్ ఫొటోగ్రాఫర్ క్యారీ మే వీమ్స్ ఫొటోల వరుస ‘కిచెన్ టేబుల్ సిరీస్’ (1990) చూడండి. ఒకే బల్ల, పైన ఒకే దీపం, నడిమి పాత్ర తనే. నాకైతే డికోర్సియా కన్నా ఈవిడే దగ్గర.

ప్రశ్న వేసినవారు: మరి అమ్మ బిగుసుకుపోవడం?

జవాబు: చేట నిజంగానే చేతికివ్వండి. కెమెరా స్టాండు మీద ఉంచి కబుర్లు చెప్పండి, చేతులు పనిలో పడతాయి. ఫొటోలు ముందు అమ్మకే చూపించండి. ఆవిడ వద్దన్నది ఎవరికీ పంపొద్దు.