గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే సీపీయూ 100 డిగ్రీలు, ఫ్యాన్ మోత భరించలేకపోతున్నాం

బెజవాడ_గేమర్:
అన్నలూ, కొంచెం సాయం చేయండి. మూడేళ్ల క్రితం కొన్న పీసీ, ఐ5 12400ఎఫ్ సీపీయూ, దాని బాక్సులో వచ్చిన కూలరే, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, ముందువైపు మొత్తం గ్లాసున్న క్యాబినెట్. పోయిన నెల ఇల్లు మారాం, ఇప్పుడు పై అంతస్తు, శ్లాబు వేడికి మధ్యాహ్నం గదిలోనే 38 ఉంటోంది. గేమ్ పెట్టిన పది నిమిషాలకి సీపీయూ 100కి పోతోంది, సెకనుకి 140 ఉండే ఫ్రేములు 50కి పడిపోతున్నాయి, ఆ మోతకి పక్క గదిలో అమ్మ టీవీ సౌండ్ పెంచుకోవాల్సి వస్తోంది. షాపులో చూపిస్తే లిక్విడ్ కూలర్ వేయాలి, ఎనిమిది వేలవుతుంది అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, నిజంగా కొనాలా?

రిపేర్_అన్న:
కొనకు తమ్ముడూ, ఆగు. 12400ఎఫ్ 65 వాట్ల చిప్, టర్బోలో, అంటే పూర్తి వేగంలో కూడా ఇంటెల్ లెక్క 117 వాట్లే, దానికి మంచి గాలి కూలర్ చాలు. 100 దాని హద్దు, అక్కడికి చేరగానే పాడవకుండా తనే స్పీడు తగ్గించుకుంటుంది, నీ ఫ్రేములు పడిపోయేది అందుకే. తప్పు గది వేడిది మాత్రమే కాదు. గది 25 ఉన్నప్పుడు 70 చూపించే చిప్, గది 38 అయితే 83 దగ్గర ఉండాలి.

వేడి ఎంతుందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని, సీపీయూకి పూర్తి పని పెట్టే సినీబెంచ్ రన్ చెయ్యి. రెండు మూడు సెకన్లలోనే 95 దాటిందంటే కూలర్ చిప్‌కి సరిగ్గా ఆనడం లేదు. మెల్లగా పది నిమిషాలపాటు ఎక్కుతూ పోతే లోపల గాలి ఆడటం లేదు. ఏది జరిగిందో చెప్పు, మిగతాది తర్వాత చూద్దాం.

బెజవాడ_గేమర్:
ఇప్పుడే చేశాను అన్నా. మూడో సెకనుకే 97!

రిపేర్_అన్న:
అయితే కూలర్ పిన్ను ఊడి ఉంటుంది. ఆ కూలర్‌ని బోర్డుకి పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ పిన్నులే, ఇల్లు మారేటప్పుడు వ్యాన్ కుదుపులకి ఒకటి లేచిపోవడం నేను చాలాసార్లు చూశాను. కరెంటు ప్లగ్ తీసేసి, కూలర్ విప్పి, చిప్ నుంచి కూలర్‌కి వేడి దాటించే పాత పేస్టుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టు. పిన్నులు ఒక మూల నొక్కాక దానికి ఎదురు మూల నొక్కాలి, వరసగా నొక్కితే ఒక పక్కకి లేస్తుంది. నాలుగూ టక్కుమనాలి, బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు కొసలూ బయటికి కనబడాలి.

హైదరాబాద్_బిల్డర్:
అన్న చెప్పింది కరెక్ట్, నేను దుమ్ము సంగతి కలుపుతా. దయచేసి పంక్చర్ షాపులో గాలి కొట్టించకండి, ఆ కంప్రెసర్ గాలిలో నీటి తుంపర ఉంటుంది. చేతి బ్లోయర్ వాడండి, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గాలికి అది మితిమీరి తిరిగితే బేరింగ్ పోతుంది. పవర్ సప్లై మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. గదిలో నీళ్ల కూలర్ ఉంటే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి పెట్టొద్దు, తేమతోపాటు ఉప్పు కూడా పేరుకుంటుంది.

ముందు గ్లాసున్న క్యాబినెట్‌లకి గాలి పీల్చే దారే సన్నం. పక్క తలుపు తీసి అదే గేమ్ ఆడి చూడండి, ఏడెనిమిది డిగ్రీలు తగ్గితే క్యాబినెట్టే ఊపిరాడనివ్వడం లేదని అర్థం. మోతకి ఇంకో మందుంది, ఫ్రేములు మీ మానిటర్ హెర్ట్జ్ (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె) దగ్గర ఆపేయండి, 75 హెర్ట్జ్ మానిటర్‌కి 140 ఫ్రేముల కోసం కార్డుని అంత కష్టపెట్టడం నాకు నచ్చదు.

బెజవాడ_గేమర్:
అన్నా, కింది ఎడమ పిన్ను పూర్తిగా పైకి లేచి ఉంది! పేస్టు సున్నంలా ఎండిపోయింది. మొదటిసారి బిగించినప్పుడు ఒకటి టక్కుమనలేదు, విప్పి మళ్లీ పేస్టు వేసి పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు అదే గేమ్, అదే మధ్యాహ్నం, గంట ఆడినా 81 దాటలేదు. తలుపు తీస్తే 74. మానిటర్ 75 హెర్ట్జే, ఫ్రేములు అక్కడ ఆపాక కార్డు ఫ్యాన్లు దాదాపు వినపడటం లేదు, అమ్మ వచ్చి కంప్యూటర్ ఆపేశావా అని అడిగింది. ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. గ్లాసు బదులు జాలీ ఉన్న క్యాబినెట్ జీతం రాగానే తీసుకుంటా, అప్పటిదాకా తలుపు తీసే ఆడతాను.

హైదరాబాద్_బిల్డర్:
తలుపు తీసి ఉంచితే దుమ్ము ఎక్కువ చేరుతుంది, ఆ నెల రోజులూ వారానికోసారి బ్లోయర్ పట్టండి.