సిట్‌కామ్‌లో ఇంట్లోవాళ్ల ప్రేమ నిజమనిపించిన ఎపిసోడ్ ఏది?

అమ్ములు:
నవ్వుకుందామని పెట్టుకున్న షోలో ఉన్నట్టుండి గొంతు పట్టేసే ఎపిసోడ్ ఒకటి వస్తుంది. నాకది 'ది ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్ ఎయిర్' నాలుగో సీజన్‌లో 1994లో వచ్చిన 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ ఎక్స్‌క్యూజ్'. విల్‌ని చిన్నప్పుడే వదిలేసి వెళ్లిన తండ్రి లూ, పద్నాలుగేళ్ల తర్వాత తిరిగొస్తాడు. వేసవిలో నాతో లారీలో ఊళ్లు తిరుగుదువుగాని రమ్మంటాడు. విల్‌ సంతోషం పట్టలేక బ్యాగులు సర్దేసుకుంటాడు. విల్ ఉంటున్నది తల్లి తోబుట్టువు వివియన్ ఇంట్లో. ఆమె భర్త ఫిల్‌కి మాత్రం నమ్మకం కుదరదు. చివరికి లూ మళ్లీ జారుకోబోతాడు, పైగా ఆ మాట విల్‌కి నువ్వే చెప్పమని ఫిల్‌ని అడుగుతాడు. ఇంతలో విల్ బ్యాగులతో వచ్చి నిలబడతాడు.

అప్పటిదాకా 'నాన్న' అన్నవాడు, వీడ్కోలు చెప్పేటప్పుడు 'లూ' అని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ ఒక్క పిలుపుకే నాకు ఏడుపొచ్చేసింది. మీకు తగిలిన ఎపిసోడ్లు చెప్పండి. ఊరికే ఏడిపించినవి కాదు, వీళ్లు నిజంగా ఒక ఇంటివాళ్లే అనిపించినవి కావాలి.

శనివారం:
అమ్ములు గారూ, ఆ తర్వాత సీన్ నేను ఎన్నిసార్లు చూశానో. నాకేం కాలేదన్నట్టు విల్ ముందు జోకు వేయబోతాడు. కోపం వస్తే తప్పు లేదంటాడు ఫిల్. అక్కడితో కట్ట తెగుతుంది. బాస్కెట్‌బాల్ ఆయన లేకుండానే నేర్చుకున్నాను, కారు నడపడం, గడ్డం గీసుకోవడం ఆయన లేకుండానే నేర్చుకున్నాను, పద్నాలుగు పుట్టినరోజులు గడిచాయి, ఒక్క కార్డు కూడా పంపలేదు అంటూ అరుస్తాడు. చదువుకుంటాను, పెళ్లి చేసుకుంటాను, ఆయనకంటే మంచి తండ్రినవుతాను అంటాడు. అంత అరిచినవాడు చివరికి చిన్నపిల్లాడిలా 'ఆయనకి నేనెందుకు వద్దు?' అని అడుగుతాడు.

ఫిల్ దానికి జవాబు చెప్పడు, దగ్గరికి లాక్కుంటాడంతే. లాయరుగా మొదలై జడ్జి అయిన మనిషి, ప్రతి ఎపిసోడ్‌లో ఉపన్యాసం ఇచ్చే మనిషి, అక్కడ ఒక్క మాట కూడా అనలేకపోయాడు. ఆ సీన్ రాసినవాళ్లకి దండం పెట్టాలి. నాలుగు సీజన్లు ఫిల్ లావు మీద విల్ జోకులు వేస్తూనే ఉన్నాడు, ఫిల్ విసుక్కుంటూనే ఉన్నాడు. ఆ రోజువారీ చిరాకంతా మనం చూశాం కాబట్టే ఆ కౌగిలి అంత బలంగా తగిలింది.

కొత్తసీజన్:
ఒక్క మాట. విల్‌గా చేసిన విల్ స్మిత్‌ని కూడా సొంత తండ్రి వదిలేశాడనీ, అందుకే ఆ డైలాగులు అప్పటికప్పుడు లోపల్నుంచి వచ్చాయనీ ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంటుంది. అది నిజం కాదు. ఆయన తండ్రి ఆయన జీవితంలో ఉన్నారు. ఆ సీన్‌ రాసిపెట్టుకున్నదే. ఇద్దరు నటుల పనితనాన్ని పుకారు కింద పాతిపెట్టకూడదని చెప్తున్నా. ఫిల్‌గా చేసిన జేమ్స్ ఏవరీ 2013 డిసెంబర్ 31న పోయారు. ఆ రోజు జనం ఎక్కువగా తలుచుకున్నది ఈ సీన్‌నే.

పుస్తకాలపురుగు:
నాది పూర్తిగా వేరే రకం. 'ఎవ్రీబడీ లవ్స్ రేమండ్' ఆఖరి ఎపిసోడ్, 2005 మేలో వచ్చింది. హీరో రేమండ్‌కి, అంటే రేకి, చిన్న ఆపరేషన్, ముక్కు వెనక ఎడినాయిడ్స్ తీయడం. మత్తు నుంచి లేవడానికి కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది. అంతే కథ. ఆ కాస్త సేపట్లో భార్య డెబ్రా, అన్న రాబర్ట్, తండ్రి ఫ్రాంక్ అల్లాడిపోతారు. తొమ్మిది సీజన్లు తమ్ముణ్ణి చూసి కుళ్లుకున్న రాబర్ట్ ముఖం అక్కడ చూడాలి. రే లేచాక ఈ సంగతి అతనికీ, తల్లి మరీకీ చెప్పొద్దని అనుకుంటారు. దాచినా బయటపడకుండా ఉంటుందా!

నాకు నచ్చిందేంటంటే, ఎవరూ మారిపోరు. చివర్లో అందరూ ఒకే టేబుల్ చుట్టూ ఇరుక్కుని, ఎప్పట్లాగే ఒకరి మాట ఒకరు వినకుండా తింటుంటారు. ఆఖరి ఎపిసోడ్ అంటే గంటసేపు వీడ్కోళ్లు పెట్టే రోజుల్లో, వీళ్లు మామూలు అరగంట స్లాట్‌లోనే ముగించేశారు.

రాత్రిబండి:
నేను కొంచెం ఎదురు చెప్తాను. చాలా సిట్‌కామ్‌లలో ఇది ఫార్ములా. పద్దెనిమిది నిమిషాలు వెక్కిరింపులు, చివరి రెండు నిమిషాలు మెల్లటి మ్యూజిక్, సోఫా మీద కూర్చోబెట్టి తండ్రి నీతిబోధ, ప్రేక్షకుల 'ఆఁ'. పిల్లాడు వెంటనే సారీ చెప్పేస్తాడు. ఏ ఇంట్లో గొడవ రెండు నిమిషాల్లో తీరుతుంది? నాకది ప్రేమలా అనిపించదు, టైమ్ అయిపోయింది కాబట్టి రాజీపడ్డట్టు ఉంటుంది.

శనివారం:
రాత్రిబండి గారూ, ఆ మాట ఒప్పుకుంటాను. ఫ్రెష్ ప్రిన్స్ ఎపిసోడ్‌లో రాజీ లేదు కదా, అందుకే అది నిలబడింది. లూ వెనక్కి రాడు. విల్ తండ్రి కోసం కొన్న బొమ్మ, బిడ్డను పట్టుకున్న తండ్రి బొమ్మ, ఇవ్వకుండానే ఉండిపోతుంది. ఆ ఇద్దరూ పట్టుకుని ఏడుస్తుంటే కెమెరా ఆ బొమ్మ మీదికి వెళ్తుంది, ఎపిసోడ్ అయిపోతుంది. సమస్య తీర్చకుండా వదిలే ధైర్యం ఉంటేనే ఇలాంటివి పండుతాయి.

వానచినుకు:
ఎవరూ 'హౌ ఐ మెట్ యువర్ మదర్' అనలేదేంటి? 2011 జనవరిలో వచ్చిన 'బ్యాడ్ న్యూస్'. ఎపిసోడ్ అంతా సీన్లలో ఎక్కడో ఒకచోట 50 నుంచి కిందికి అంకెలు దిగుతుంటాయి. ఏదో ఆటనుకుంటాం. 1 దగ్గరికొచ్చేసరికి లిల్లీ టాక్సీ దిగి భర్త మార్షల్‌కి అతని తండ్రి చనిపోయాడని చెప్తుంది. తర్వాతి ఎపిసోడ్ 'లాస్ట్ వర్డ్స్'లో ఫోన్‌లో తండ్రి వదిలిన వాయిస్ మెసేజ్ కోసం మార్షల్ పడే ఆరాటం నేను పూర్తిగా చూడలేకపోయాను, ఆపేసి మళ్లీ మర్నాడు చూశాను. మా నాన్న పోయినప్పుడు ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ పొద్దస్తమానం వింటూ కూర్చున్నాను. ఎక్కువ భాగం 'ఎక్కడున్నావు, ఫోన్ ఎత్తు' అనేవే. పెద్ద మాటలేం లేవు. ఆ షో రాసినవాళ్లకి ఆ సంగతి తెలుసు. అందుకే నాకు అది కథ చూస్తున్నట్టు అనిపించలేదు.

అమ్ములు:
వానచినుకు గారూ, ఇది ఇక్కడ రాసినందుకు చాలా థాంక్స్. ఆ మెసేజ్‌లు రెండు మూడు చోట్ల సేవ్ చేసి పెట్టుకోండి, ఫోన్ మార్చినప్పుడు పోతుంటాయి.

రేమండ్ నేనింకా మొదలుపెట్టలేదు. నేరుగా ఆఖరి ఎపిసోడ్ చూసేయొచ్చా?

పుస్తకాలపురుగు:
వద్దండీ. కనీసం ఒకటి రెండు సీజన్లయినా చూడండి. రాబర్ట్ ఎంత కుళ్లుకునేవాడో తెలియకపోతే ఆసుపత్రి సీన్‌లో అతను ఎందుకలా అయిపోయాడో పట్టుబడదు. ఫ్రెష్ ప్రిన్స్ కూడా అంతే, ఆ క్లిప్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దని మీ ఇంట్లోవాళ్లకి చెప్పండి.