టీవీ కామెడీలో వేషానికి ముందే డబ్బు కట్టాలా?

మాది విజయనగరం. మా చెల్లి డిగ్రీ చివరి సంవత్సరం. కొంగు నడుముకి బిగించి, తోటకూర కట్ట పట్టుకుని రైతుబజారు బేరం మన యాసలో ఆడి చూపిస్తే, మంచం మీదున్న మా నాయనమ్మ కూడా లేచి కూర్చుని నవ్వింది. 2013లో ఈటీవీలో జబర్దస్త్ మొదలైనప్పటి నుంచీ మా చెల్లి చూస్తోంది. అందులో ఆడ వేషాలు చాలావరకు మగవాళ్ళే వేస్తుంటే దానికి బాధ. 1892లో కన్యాశుల్కం మొదట ఆడిన ఊరు మనది, ఇక్కడి ఆడపిల్ల నవ్వించలేదా అంటుంది.

మొన్న ఒకాయన ఫోన్ చేసి, పాతిక వేలు కడితే వేషం ఇప్పిస్తానన్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెడతానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఆడిషన్‌కి నిజంగా డబ్బు తీసుకుంటారా? హైదరాబాద్‌లో ముందు ఎవరిని కలవాలి? ఈ రంగంలో ఉన్న అక్కలెవరైనా దయచేసి చెప్పండి. ఆదివారంలోగా కట్టమన్నాడు.